మన సెలవు – వాళ్ళ పనిరోజు

సెలవుల్లో ఎక్కడికి వెళ్దామని ఎవరినైనా అడిగి చూడండి. జేబులో బస్సు చార్జీ మాత్రమే ఉన్నవాడు సింహాచలం అంటాడు. ఇంకాస్త ఉన్నవాడు ఊటీ అంటాడు. చిల్లిగవ్వ లేకపోయినా కలలకు లోటులేనివాడు మాత్రం ధైర్యంగా కరీబియన్ దీవులు అంటాడు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్టు, దానికి కట్టిన ఊయల. ఈ బొమ్మ మనకు ఎంతగా అలవాటైపోయిందంటే ఆ దీవిలో మనుషులుంటారన్న సంగతే గుర్తుకు రాదు. ఒకవేళ బొమ్మలో మనిషి కనబడినా, చేతిలో పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటాడు. అతనికీ ఒక ఇల్లూ, నాలుగు బాకీలూ, ఒక ఓటూ ఉంటాయని ఆ బొమ్మ చెప్పదు.

ఇది ఒట్టి పగటికల అనుకోకండి. మన కాలేజీలో చదివి అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశాల్లో స్థిరపడిన పెద్దలకు ఆ దీవులు దూరం కావు. డిసెంబరులో పిల్లలకు సెలవులివ్వగానే ఓడెక్కి నాలుగు దీవులు చుట్టి వచ్చే తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఫొటోలు చూసి, ఉద్యోగం వచ్చాక మేమూ వెళ్తామని హాస్టలు గదుల్లో లెక్కలు వేసుకునేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళండి, తప్పులేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రయాణం ఆలోచన పెట్టుకున్నవాడు ముందు చూడవలసింది తన క్యాలెండరు కాదు, ఆ దీవి క్యాలెండరు. మన సెలవు అక్కడ ఎవరికో పనిరోజు. ఆ పనిరోజును లెక్కలోకి తీసుకోనిది ప్రణాళిక కాదు, కొట్టులో ఇచ్చే సరుకుల చీటీ.

కరీబియన్ అనేది ఒక ఊరు కాదు. స్పానిష్ మాట్లాడే క్యూబా ఒక్కటే ఇంచుమించు మన తెలంగాణ అంత ఉంటుంది. ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉన్న దీవులున్నాయి, డచ్చివాళ్ళతో ముడిపడినవి ఉన్నాయి, ఇంగ్లీషు మాట్లాడే స్వతంత్ర దేశాలున్నాయి. అన్నింటినీ కలిపి మాట్లాడితే దేని గురించీ మాట్లాడనట్టే. అంచేత ఒక్క దీవిని తీసుకుంటాను. అది బార్బడోస్. విస్తీర్ణం దాదాపు 430 చదరపు కిలోమీటర్లు, పొడవు 34 కిలోమీటర్లు, జనాభా సుమారు 2 లక్షల 80 వేలు. 1966 నవంబరు 30న స్వతంత్రమైంది. సరిగ్గా 55 ఏళ్ళ తర్వాత, 2021 నవంబరు 30న బ్రిటిష్ రాణికి నమస్కారం పెట్టి రిపబ్లిక్ అయింది.

ఇన్ని దీవులుండగా బార్బడోసే ఎందుకంటే, నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి క్రికెట్టు. దానికి వివరణ అక్కర్లేదు. రెండోది చెరకు. మాది అనకాపల్లి వైపు చెరకు రైతుల కుటుంబం. మొక్క తోట, కార్శి తోట, గానుగ, బెల్లం పాకం మధ్య పెరిగినవాణ్ణి. బార్బడోస్ మూడు వందల ఏళ్ళ పాటు చెరకు తప్ప మరొకటి ఎరగని దీవి. చెరకు పూతలో మొలకెత్తే విత్తనం ఉండదని ఒకప్పుడు లోకమంతా నమ్మేది. అది తప్పని 1880ల దశకంలో జావాలోనూ, బార్బడోస్‌లోనూ ఇంచుమించు ఒకేసారి నిరూపించారు. బార్బడోస్‌లో ఆ పని చేసినవారు హారిసన్, బోవెల్ అనే ఇద్దరు. విత్తనం మొలిచింది కాబట్టే కొత్త వంగడాలు పుట్టించడం సాధ్యమైంది. 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరకు పరిశోధన కేంద్రం ఆ దారినే నడిచి ‘కో’ రకాలను మనకిచ్చింది. కాబట్టి నేను ఎన్నడూ చూడని ఆ దీవితో మా పొలానికి కొంచెం చుట్టరికం ఉందనే అనుకుంటాను.

ఇక ప్రణాళికలోకి వద్దాం. మొదటి ప్రశ్న: ఎప్పుడు వెళ్ళాలి?

మనకు వేసవి సెలవులు కాబట్టి మే, జూన్ అంటాం. దీవి వేరే చెబుతుంది. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. దీనికి దూరపు సాక్ష్యం అక్కర్లేదు, మన క్రికెట్ జట్టే సాక్షి. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్ కెన్సింగ్టన్ ఓవల్‌లో భారత జట్టు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ-20 ప్రపంచకప్ గెలిచింది. మనం ఇక్కడ అర్ధరాత్రి టపాకాయలు కాల్చాం. ఆ వెంటనే బెరిల్ అనే తుపాను వచ్చింది. విమానాశ్రయం మూసేశారు. కప్పు గెలిచిన జట్టు హోటల్లో బందీ అయింది. ప్రత్యేక విమానంలో జులై 4న ఢిల్లీ చేరింది.

మన పత్రికలు ఆ నాలుగు రోజులూ ఆటగాళ్ళు ఎప్పుడొస్తారన్న సంగతే రాశాయి. కాని అసలు వార్త వేరే ఉంది. బెరిల్ బార్బడోస్‌కు దక్షిణంగా జరిగిపోయింది గాని, దాని అలల ధాటికి రేవులో ఉన్న చేపల పడవలు పెద్ద సంఖ్యలో పగిలిపోయాయి. పక్క దేశమైన గ్రెనడాకు చెందిన కరియాకూ దీవిలో ఇళ్ళు నేలమట్టమయ్యాయి. అట్లాంటిక్‌లో అంత ముందుగా అయిదో తరగతి తీవ్రతకు చేరిన తుపాను రికార్డుల్లో మరొకటి లేదు. కారణం ఏమిటంటే, తుపానుకు ఇంధనం సముద్రపు వేడి. మామూలుగా సెప్టెంబరుకు గాని రాని వేడి ఆ ఏడు జూన్ నాటికే వచ్చేసింది. హుద్‌హుద్‌ను చూసిన మన జిల్లావాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో చిన్న లెక్క. ఆ ఫైనల్ మొదలయింది మనకు రాత్రి ఎనిమిదింటికి, అక్కడ ఉదయం పదిన్నరకు. కరీబియన్‌లో క్రికెట్టు అంటే పని దిగి, డప్పులూ శంఖాలూ పట్టుకుని మైదానానికి వెళ్ళే పండుగ. ఆట వేళలు మాత్రం మన టీవీల వీలును బట్టి కుదిరాయి. మనం టికెట్టు కొనకుండానే, విమానం ఎక్కకుండానే, వాళ్ళ పొద్దును మన సాయంత్రానికి సర్దుకున్నామన్నమాట. ఇక టికెట్టు కొనుక్కుని వెళ్ళినవాడు ఎంత సర్దించుకుంటాడో ఆలోచించండి.

నిజం చెప్పాలంటే మిగతా దీవులతో పోలిస్తే బార్బడోస్‌కు తుపానులు నేరుగా తగలడం తక్కువ. అది అన్నింటికంటే తూర్పున, వరసకు కాస్త ఎడంగా ఉంటుంది. 1955లో జానెట్ తర్వాత మళ్ళీ 2021 జులైలో ఎల్సా వచ్చేదాకా హరికేన్ దాన్ని తాకలేదు. కాని ఆ 2021ని చూడండి. ఏప్రిల్‌లో పొరుగున ఉన్న సెయింట్ విన్సెంట్‌లో సూఫ్రియేర్ అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదంతా గాలికి వచ్చి బార్బడోస్ కప్పుల మీద, పొలాల మీద పడింది. జులైలో ఎల్సా కప్పులనే లేపుకుపోయింది. నవంబరులో రిపబ్లిక్ అయింది. ఒక ఏడాదిలో ఒక చిన్న దేశం ఇన్ని చూసింది.

కాబట్టి వాన లేని కాలం డిసెంబరు నుంచి మే దాకా. డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా ధరలు ఆకాశంలో ఉంటాయి. ఏప్రిల్ చివర, మే మొదట వెళ్ళినవాడు తెలివైనవాడు. ఎగిరే చేప కూడా డిసెంబరు నుంచి జూన్ దాకానే బాగా పడుతుంది. మా నాన్న ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రాకుండా చెరకు మీద కత్తి వెయ్యడు. ప్రయాణమూ అంతే. ఆర్డరు అటునుంచి రావాలి.

రెండో ప్రశ్న: ఎక్కడ దిగాలి?

ఇక్కడ కాస్త భూగర్భశాస్త్రం కావాలి. కరీబియన్‌లో చాలా దీవులు అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి. బార్బడోస్ అలా కాదు. సముద్రపు అడుగున పోగైన మట్టి పైకి లేచి, దాని మీద పగడపు సున్నపురాయి పేరుకున్న దీవి. పైభాగంలో దాదాపు 85 శాతం ఆ సున్నపురాయే. వాన పడితే నీరు పారదు, ఇంకిపోతుంది. చెప్పుకోదగ్గ నది లేదు. తాగునీరంతా భూమిలోంచి తోడాలి. ప్రపంచంలో మనిషి తలకు దొరికే నీరు బాగా తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. చుట్టూ సముద్రం, లోపల నీటికి కటకట. అలాంటిచోట ఈత కొలనూ, పచ్చగడ్డి మైదానమూ, రోజుకు మూడు స్నానాలూ కావాలనేవాడు ఎవరి వాటా నీళ్ళు వాడుకుంటున్నాడో ఒకసారి అడగాలి. ఇందుకు ఆ దేశాన్ని మెచ్చుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. 1970ల దశకం నుంచే పన్ను రాయితీలిచ్చి ఇంటింటి కప్పు మీదా సూర్యరశ్మితో నీళ్ళు కాచుకునే పెట్టెలు పెట్టించింది.

పడమటి తీరం ప్రశాంతం. అందుకే ఖరీదైన హోటళ్ళన్నీ అక్కడే వరసకట్టాయి. తూర్పున బాత్‌షెబా వైపు అట్లాంటిక్ అలలు ఆఫ్రికా నుంచి అడ్డం లేకుండా వచ్చి కొడతాయి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గాని ఈతకు దిగితే ప్రమాదం. 2011 నుంచి మరో తంటా వచ్చింది. సర్గాసం అనే గోధుమరంగు నాచు ఏటేటా కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. అది కుళ్ళితే వచ్చే వాసన మన కెమిస్ట్రీ విద్యార్థులకు బాగా తెలుసు, కిప్స్ ఉపకరణం దగ్గర ముక్కు మూయించే హైడ్రోజన్ సల్ఫైడే అది. ఒడ్డున మాంచినీల్ అనే చెట్టుంటుంది. చిన్న ఆపిల్ లాంటి పచ్చటి కాయలు. మన ఆముదం కుటుంబమే. కాయ తింటే ప్రాణం మీదికొస్తుంది, పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. వానలో దాని కింద నిలబడకూడదు. అందుకే చాలాచోట్ల మానుకు ఎర్రరంగు పూసి ఉంచుతారు. అయినా కొట్టెయ్యరు. దాని వేళ్ళు ఇసుకను పట్టి ఉంచుతాయి. స్వర్గానికి కూడా కొన్ని నిబంధనలుంటాయి మరి.

చట్టం ప్రకారం బార్బడోస్‌లో సముద్రతీరం అంతా ప్రజలది. ఏ హోటలూ ఇసుకను సొంతం చేసుకోలేదు. కాని ఇసుక ప్రజలదైనంత మాత్రాన సరిపోదు, అక్కడికి వెళ్ళే దారి కూడా ప్రజలదై ఉండాలి. రోడ్డుకూ సముద్రానికీ మధ్య గోడ కట్టుకుంటూ పోతే చట్టం కాయితం మీదే ఉండిపోతుంది. దారుల గురించి అక్కడి జనం ఎప్పటికప్పుడు గొడవ పెట్టుకుంటూనే ఉన్నారు. మన గది కిటికీలోంచి సముద్రం బాగా కనబడుతోందంటే, రోడ్డు మీద నడిచేవాడికి కనబడకుండా పోయిందేమోనని కూడా అనుకోవాలి.

మూడో ప్రశ్న అందరూ వదిలేసేది: ఆ నేల ఎవరిది?

1640ల దశకంలో అక్కడ చెరకు మొదలైంది. తోటలు ఇంగ్లీషు దొరలవి, పని ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులది. 1661లో బానిసల కోసం ఒక చట్టం రాశారు. దాన్నే చూసి జమైకాలోనూ, అమెరికాలోని దక్షిణ కరోలినాలోనూ రాసుకున్నారు. 1816లో బుస్సా నాయకత్వంలో బానిసలు తిరగబడ్డారు, అణచివేశారు. ఇవాళ బుస్సా జాతీయ వీరుడు. 1834లో బానిసత్వం రద్దన్నారు గాని, పూర్తిగా వదిలింది 1838లో. వదిలారు సరే, నేల ఇవ్వలేదు. దీవిలో ఎకరమెకరమూ దొరల తోటలే. వెళ్ళడానికి అడవి లేదు, బంజరు లేదు. కాబట్టి అదే తోటలో, అదే దొర స్థలంలో, అద్దె కట్టుకుంటూ, ఆయన చెప్పిన కూలికి పనిచెయ్యాలి. గయానా, ట్రినిడాడ్‌లలో ఖాళీ భూమి ఉండటంతో విడుదలైనవాళ్ళు తోటలు వదిలి వెళ్ళారు. అక్కడి దొరలు మన దేశం నుంచి కూలీలను ఓడల్లో రప్పించుకున్నారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. బార్బడోస్‌కు ఆ అవసరమే రాలేదు. అక్కడి మనిషికి పోవడానికి చోటే లేదు.

అప్పుడు ఆ మనుషులు ఏం చేశారో తెలుసా? కదిలే ఇల్లు కట్టుకున్నారు. దాన్ని ఛాటెల్ హౌస్ అంటారు. స్థిరాస్తి కాని ఇల్లు అని అర్థం చెప్పుకోవచ్చు. పునాది ఉండదు. రాళ్ళు పేర్చి, వాటి మీద చెక్క ఇల్లు నిలబెడతారు. దొర పొమ్మంటే గోడలు ఊడదీసి, బండి మీద వేసుకుని, ఇంకోచోట మళ్ళీ నిలబెట్టుకోవాలి. ముందు రెండు కిటికీలు, మధ్యలో తలుపు, ఏటవాలు కప్పు, అన్నీ కొలత ప్రకారం. ఇవాళ పర్యాటకులు ఆ రంగురంగుల ఇళ్ళ ముందు నిలబడి ఎంత ముద్దుగా ఉన్నాయో అంటూ ఫొటోలు తీసుకుంటారు. ఆ ముద్దు వెనక ఉన్నది ఏమిటంటే, నేల మీద హక్కు లేనివాడి తెలివి. కౌలు కాయితం లేకుండా పరాయి చేను దున్నేవాడి మనసు తెలిసిన మాబోటివాళ్ళకు ఆ ఇల్లు చూస్తే ఫొటో తియ్యబుద్ధి కాదు, దణ్ణం పెట్టబుద్ధి అవుతుంది. 1980లో గాని చట్టం రాలేదు. తోటల స్థలాల్లో ఇళ్ళున్నవాళ్ళు చదరపు అడుగు పది సెంట్ల చొప్పున ఆ స్థలం కొనుక్కోవచ్చని అప్పుడన్నారు. బానిసత్వం పోయిన 142 ఏళ్ళకు కాళ్ళ కింద నేల సొంతమయింది.

దీవి చూడబోయేవాడు ఈ సంగతి తెలుసుకుని బయలుదేరితే, అదే దారిలో వేరే దీవి కనబడుతుంది. సెయింట్ ఆండ్రూలో మోర్గన్ లూయిస్ గాలిమర కనబడితే చెరకు పిండిన చేతులు గుర్తొస్తాయి. న్యూటన్ అనే చోట బానిసల శ్మశానం ఉంది. దాన్ని మీ పట్టికలో సముద్రస్నానానికి ముందు రాసుకోండి.

నాలుగో ప్రశ్న: మన డబ్బు ఎవరి చేతిలో పడుతుంది?

అన్నీ కలిపిన ప్యాకేజీ అని ఒకటుంది. విమానం, గది, తిండి, తాగుడు, ఆట, పాట అన్నింటికీ కలిపి ముందే కట్టెయ్యాలి. కట్టేది మన ఊళ్ళో. తీసుకునేది ఏజెంటు, విమాన కంపెనీ, హోటల్ గొలుసు. అక్కడ దిగగానే చేతికి ఒక పట్టీ కడతారు. ఇక గేటు దాటి బయటికి పోయి పైసా ఖర్చుపెట్టాల్సిన పని ఉండదు. బయట చేపలమ్మే ఆవిడకు మీరు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఓడ ప్రయాణమైతే ఇంకా సుఖం. పడక ఓడలో, తిండి ఓడలో. పొద్దున్న దిగి, నాలుగు బొమ్మలు కొని, సాయంత్రం ఎక్కెయ్యడమే. ఈ దీవి తన తిండిలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటుంది. అంటే హోటల్లో మనం తినే ముక్క కూడా వేరే దేశం నుంచి వచ్చిందయితే, వచ్చిన డాలరు వచ్చిన దారినే తిరుగు టపాలో పోతుంది.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. ఇంటివాళ్ళే నడిపే బసలో గది తీసుకోండి. బస్సెక్కండి. ప్రభుత్వ బస్సులు నీలం రంగువి, ప్రైవేటు మినీబస్సులు పసుపు రంగువి, పాటలు మోగించుకుంటూ పరిగెత్తే తెల్ల వ్యానులు మరో రకం. బస్టాపు బోర్డు మీద ‘ఊళ్ళోకి’ లేదా ‘ఊరి బయటికి’ అని రెండే మాటలుంటాయి. ఇంతకంటే సులువైన భూగోళశాస్త్రం నేను చదవలేదు. వాళ్ళ జాతీయ వంటకం పేరు కూకూ. మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి, బల్లపరుపు కర్రతో కెలికి, ఎగిరే చేప పులుసుతో పెడతారు. మన చోడి సంకటి ఎరిగినవాడికి ఆ ముద్ద పరాయిది కాదు. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్ రేవు దగ్గర చేపలు కాల్చి అమ్ముతారు. అక్కడ ఇచ్చిన డబ్బు ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే ఉంటుంది.

మరి రెండు మాటలు. భారతీయులకు బార్బడోస్ వెళ్ళడానికి ముందుగా వీసా అక్కర్లేదని విని సంబరపడిపోకండి. మధ్యలో దిగి విమానం మారే దేశం తన ట్రాన్సిట్ వీసా అడగవచ్చు. టికెట్టు కొనేముందు రెండు దేశాల నిబంధనలూ సరిచూసుకోవాలి. ఇంకోటి, మిలిటరీ మచ్చల బట్టలు అక్కడ మామూలు జనం తొడగడం నేరం. చిన్నపిల్లలకు కూడా మినహాయింపు లేదు. మన కుర్రాళ్ళు ఆ ప్యాంట్లు హాస్టల్లోనే వదిలి వెళ్ళడం మంచిది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. “ఇన్ని నీతులు చెబుతున్నావు గాని, పర్యాటకులు రాకపోతే వాళ్ళకు కూడెక్కడిదయ్యా?” అని. న్యాయమైన ప్రశ్నే. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో పది శాతానికి పైగా కుదించుకుపోయింది. హోటళ్ళు మూతపడి జనం రోడ్డున పడ్డారు. కాబట్టి వెళ్ళొద్దని నేను అనను. వెళ్ళకపోవడం వాళ్ళకు చేసే సాయం కాదు. కాని ఒకే పంట మీద బతికే రైతు సంగతి మాకు తెలుసు. 1960ల దశకంలో రెండు లక్షల టన్నుల దాకా పంచదార తీసిన దీవి ఇటీవలి ఏళ్ళలో పదివేల టన్నుల చుట్టుపక్కలకు దిగిపోయింది. ఒకప్పుడు దీవంతా ఉన్న ఫ్యాక్టరీల్లో ఇక మిగిలింది పోర్ట్‌వేల్ ఒక్కటే. చెరకు అనే ఏకపంట పోయి పర్యాటకం అనే ఏకపంట వచ్చింది. అప్పుడూ ధర నిర్ణయించింది పరాయి దేశమే, ఇప్పుడూ అంతే.

ఇందులో ఒక వింత చూడండి. చెరకు కోతలు అయిపోయాక అక్కడివాళ్ళు క్రాప్ ఓవర్ అనే పండుగ చేసుకునేవారు. చివరి బండిని అలంకరించి, ఆడి పాడేవారు. మన సంక్రాంతి లాంటిదే అనుకోండి. 1940ల దశకానికి అది మరుగునపడింది. 1974లో దాన్ని మళ్ళీ లేవదీసింది రైతులు కాదు, పర్యాటక శాఖవారు. ఇవాళ అది జులై నుంచి ఆగస్టు మొదటి సోమవారం దాకా ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చే పెద్ద ఉత్సవం. పండుగ పెరిగింది, పంట తరిగింది. అయినా దాన్ని బూటకం అనను. ఆడేవాళ్ళు మనస్ఫూర్తిగా ఆడుతున్నారు, పాడేవాళ్ళు తమ పాట తాము కట్టుకుంటున్నారు. వెళ్ళినవాడు మాత్రం ఈ కోలాహలం ఏ కోతలకు గుర్తో తెలుసుకుని చూడాలి.

మరో అభ్యంతరం మన లోపలే ఉంది. ఫీజు కట్టడానికి అప్పు చేసే రైతు పిల్లలకు బార్బడోస్ ముచ్చట్లెందుకని. దానికి నా జవాబు: ప్రయాణాల ఆలోచన డబ్బున్నవాళ్ళకే వదిలేస్తే, లోకాన్ని చూసే చూపు కూడా వాళ్ళదే అయిపోతుంది. 1751లో జార్జ్ వాషింగ్టన్ పంతొమ్మిదేళ్ళ వయసులో, క్షయతో బాధపడుతున్న అన్న లారెన్స్‌ను వెంటబెట్టుకుని ఇదే దీవికి వచ్చాడు. అమెరికా దాటి ఆయన వెళ్ళింది ఆ ఒక్కసారే. అక్కడ మశూచి సోకి బతికి బయటపడ్డాడు. ఆయన బస చేసిన ఇంటిని ఇవాళ చూపిస్తారు. ఆనాడు ఆ దీవిలో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది బానిసలు. వాళ్ళ బసలు ఎక్కడున్నాయని అడిగేవాళ్ళు తక్కువ. అడగడం నేర్చుకోవలసింది మనబోటివాళ్ళే, ఎందుకంటే మన తాతలు కూడా ఎవరి ప్రయాణాల పుస్తకాలకూ ఎక్కలేదు.

దీవికీ మనకూ ఒక రక్తసంబంధం ఉంది, మాటవరసకు కాదు, నిజంగానే. 1962 మార్చిలో బ్రిడ్జ్‌టౌన్‌లో ఆడుతుండగా చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. పుర్రె చిట్లింది. ప్రాణం నిలబెట్టడానికి రక్తం కావలసి వస్తే ఇచ్చినవాళ్ళలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ ఒకడు. ఆయన పుట్టింది ఆ దీవిలోనే. ఇవాళ వోరెల్, వీక్స్, వాల్కాట్ ముగ్గురూ వెస్టిండీస్ విశ్వవిద్యాలయపు కేవ్ హిల్ క్యాంపస్‌లో, మనలాంటి విద్యార్థులు క్లాసులకు పోయే దారుల పక్కన శాశ్వతంగా విశ్రమించారు. ఎదుటి జట్టు కెప్టెన్ అన్న లెక్క వేసుకోకుండా చొక్కా చెయ్యి మడిచిన మనిషి ఊరికి వెళ్తూ, గదికి సముద్రం కనబడుతుందా లేదా అన్న ఒక్క లెక్కతో వెళ్ళడం మర్యాద కాదు.

కాబట్టి మిత్రులారా, పూర్వ విద్యార్థులైన పెద్దలారా, రేపు మీరు ఏ దీవికైనా ప్రయాణం కట్టేటప్పుడు ఒక తెల్లకాయితం తీసుకోండి. టికెట్టు ధర రాసేముందు నాలుగు మాటలు రాయండి. అక్కడ ఇది ఏ కాలం? నీరు ఎక్కడి నుంచి వస్తుంది? నేల ఎవరిది? నా డబ్బు ఎవరింటికి చేరుతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికాక అయిదోది, హోటల్ పేరు, దానంతటదే తేలుతుంది. జవాబులు వెదకడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, లైబ్రరీ కార్డు చాలు. అందుకే టికెట్టు కొనలేనివాళ్ళం కూడా ఈ ప్రణాళిక ఇవాళే మొదలుపెట్టవచ్చు. నా కాయితం మీద మొదటి మూడూ నిండాయి. నాలుగోది నా మొదటి జీతం కోసం ఆగి ఉంది.